దూరం కూడా సరుకే



వెనుక మన దువ్వూరు మీదుగా కడప–కర్నూలు రోడ్డున బుల్లెట్‌పై పోయేవారు డ్యూటీకో, పెండ్లికో పోయేవారు. 1985లో హీరో హోండా సి.డి. 100 వచ్చింది. మైలేజీ చూపించి అమ్మారు. జీతం లెక్కలవాళ్ళం, నచ్చింది.

ఇప్పుడు దూరాన్నే అమ్ముతున్నారు. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఒక బండికి హిమాలయన్ అనే పేరే పెట్టింది. జాకెట్లూ కంపెనీయే అమ్ముతుంది, లడఖ్ యాత్రలూ కంపెనీయే నడుపుతుంది. మంచి హెల్మెట్లు వచ్చాయి, సంతోషమే. మనకు తలగుడ్డే గదా! కాని బెంగుళూరు నుంచి గండికోటకు బండ్లపై వచ్చే పిల్లలకు తిరుగు ప్రయాణపు నిద్రమత్తు, ఎదురు లారీల వెలుగు ఏ ప్రకటనా చూపదు.

మీ మనవడు బండి అప్పుకు పూచీ సంతకం అడిగితే, కంతు ఎంతని మాత్రమే అడగకండి. ఆదివారం రాత్రి ఎక్కడ పడుకుంటావు నాయనా, అని కూడా అడగండి.