కిక్కిస గడ్డి - లకుముకి పిట్ట

గడ్డికిని పిట్టకును పోలిక యేమని మీరు నవ్వవచ్చును. ఒకటి వేరూని నిలుచునది. వేరొకటి రెక్కలపై తిరుగునది. అయినను ఈ రెంటిని జతగా చూడనిదే కొల్లేటి సంగతి మనకు బోధపడదు.

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు దీనిలో పడును; మిగిలిన నీరు ఉప్పుటేరుగుండ సముద్రమును చేరును. లోతు తక్కువైనచోట కిక్కిస గడ్డి మనిషి నిలువునకు మించి పెరుగును. దీని కాడకు వెదురువలె కణుపులుండును, లోపల గుల్ల. బురదలోని వేళ్ళకు ఈ గుల్లగుండనే గాలి దిగును. భూమిలో అడ్డముగా ప్రాకు కాండము కొత్త పిలకలు వేయుచు పోవును. అందుచేత ఒండ్రు కదలదు, నీటి వడి తగ్గును, చేపపిల్లలకు చాటు దొరకును. మనుష్యులు దీనిని ఇంటికప్పులకును దడులకును వాడుదురు.

ఇక నలుపు తెలుపు లకుముకి పిట్ట. మగదానికి రొమ్మున రెండు నల్లని పట్టెలు. ఆడదానికి ఒకటే, అదియు నడుమ తెగియుండును. తక్కిన లకుముకులు సామాన్యముగా కొమ్మపై కూర్చుండి కాచుకొనును. ఇదియో, నీటిపై గాలిలోనే రెక్కలాడించుచు ఒక్కచోట నిలిచి, ముక్కు వంచి చూచి, రాయి పడినట్లు పడి చేపను పట్టును. మట్టిగట్టులో సొరంగము త్రవ్వి గ్రుడ్లు పెట్టును.

గడ్డి సరస్సంతయు క్రమ్మినచో పిట్ట వేటకు తెరపినీరుండదు. గడ్డి బొత్తిగా పోయినచో చేపపిల్లకు చాటుండదు. రెంటికిని తగుపాటి తావుండుటయే సరస్సునకు క్షేమము.

చేపలచెరువులకై గట్లు వేసినచోట కిక్కిసకు తావు పోయినది. పిట్టకో, చెరువులోను చేప దొరకును. 1999లో కొల్లేరు అభయారణ్యమైనది. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కినది. 2006లో అనేక చెరువుల గట్లు తెగగొట్టబడినవి. గట్లు తెగినను వివాదము తెగలేదు. ఆ చెరువులపై బ్రతుకువారి కష్టమును త్రోసివేయదగినది కాదు.

అయినను ఒక్కమాట. గట్టుపై లకుముకి కనబడినంతనే సరస్సు చల్లగానున్నదని తలంపకుడు. దానికి రెక్కలున్నవి, ఎచట చేప దొరకిన అచట వ్రాలును. కిక్కిస కదలలేదు. నీరు ఉన్నదో, ఎండినదో, గట్టు అడ్డుపడినదో, ఆ గడ్డి నిలిచిన తీరే చెప్పును. ఈ మారు కొల్లేటికి పోయినప్పుడు పిట్టను చూచి ఆనందింపుడు. పిమ్మట గడ్డిని చూచి సరస్సు కుశలము తెలిసికొనుడు.