మొరాయించే కొక్కెం



ట్రాక్టరుకు ట్రక్కు తగిలించడం మీరంతా చూసే వుంటారు. వెనకాల ఓ ఇనప కొక్కెం, అందులోకి దిగే పిన్ను, ఆ పిన్ను ఎగిరిపోకుండా అడ్డంగా ఓ చీల. అంతే. ఎండకు ఎండినా, వానకు తడిసినా అందులో చెడిపోయేది పెద్దగా ఏమీ వుండదు. యూరపులో మామూలు కార్లకు కూడా యిటువంటి కొక్కెం వుంటుంది. దానికి సామాన్ల ట్రెయిలరు తగిలిస్తారు, సైకిళ్లు మోసే స్టాండు బిగిస్తారు, సెలవులొస్తే మంచం, పొయ్యి, బీరువా అన్నీ వున్న కారవాన్ బండిని లాక్కుపోతారు. కొక్కెం చివర 50 మిల్లీమీటర్ల వ్యాసం గల ఉక్కు గుండు. దీన్ని టో బార్ అంటారు. జర్మనీవాళ్లు ఆన్‌హెంగర్‌కుప్లుంగ్ అంటారు. ఆ మాట పలకడం పూర్తయ్యేలోపు బండి తగిలించటం కూడా పూర్తవుతుందని నేను నవ్వుతుంటాను.

నేను కొన్నేళ్లుగా దక్షిణ జర్మనీలో కాపురం వుంటున్నాను. అక్కడ మన ఆడపిల్లలు చాలామంది ఉద్యోగాలు చేస్తూ, సొంతంగా కారు నడుపుకుంటున్నారు. మీ అమ్మాయో, కోడలో అక్కడ వుంటే యీ నాలుగు మాటలూ వాళ్ల చెవిని వెయ్యండి.

పాత రకం కొక్కెం ఎప్పుడూ బయటికి పొడుచుకునే వుండేది. డిక్కీలో సామాను పెట్టబోయిన ప్రతివాళ్ల మోకాలి కింద ఎముకా దానికి బలి. అంచేత దాన్ని బంపరు కిందకి మడిచి దాచే ఏర్పాటు వచ్చింది. డిక్కీలో ఓ మీట నొక్కితే మోటారు తిరిగి, కొక్కెం తనంత తానే కిందికి దిగి, వెనక్కి వచ్చి, బిగుసుకుంటుంది. యింకో రకంలో మీట నొక్కితే గొళ్లెం మాత్రం వూడుతుంది. మిగతా పని చేత్తో నెట్టి మనమే పూర్తి చెయ్యాలి. చెయ్యి పెట్టేముందు మీది ఏ రకమో కారుతో వచ్చిన పుస్తకంలో చూసుకోండి.

ఏ రకమైనా, మీట దగ్గర ఓ చిన్న దీపం వుంటుంది. ఎర్రగా మినుకుమినుకు మంటోందంటే కొక్కెం యింకా బిగుసుకోలేదని అర్థం. కొన్ని కార్లలో బిగుసుకున్నాక పచ్చగా మారుతుంది, కొన్నిట్లో ఆరిపోతుంది. కంటికి కొక్కెం సరిగ్గా దాని చోట్లోనే వున్నట్టు కనపడొచ్చు. లోపలి గొళ్లెం వెంట్రుకవాసి తక్కువగా పడినా, బరువు పడ్డప్పుడు అది కదులుతుంది. వెయ్యికిలోలు దాటిన కారవాన్ హైవే మీద కారునుంచి వూడితే ఎక్కడికి పోతుందో, ఎవరి మీదికి పోతుందో చెప్పలేం. కనక దీపం సరేననేదాకా ట్రెయిలరూ తగిలించవద్దు, సైకిళ్లూ ఎక్కించవద్దు. పక్కనున్నవాళ్లు “ఏం ఫరవాలేదండీ, గట్టిగానే వుంది” అన్నా సరే, దీపం మాటే వినండి.

యిక మొరాయింపు సంగతి. మా బంధువులమ్మాయి ఒకతె కిందటి వసంతకాలంలో ఫోను చేసింది. “పిన్నీ, సైకిళ్లు పెట్టుకుని చెరువు దగ్గరికి పోదామనుకున్నాం. కొక్కెం రావటం లేదు. వర్క్‌షాపులో అడిగితే మొత్తం సెట్టే మార్చాలన్నారు. అంత డబ్బు ఎక్కణ్ణించి తేనూ?” అంది.

“చూసే అన్నారా, చూడకుండానే అన్నారా?” అన్నాను.

“ఫోన్లోనే అన్నారు.”

“ఐతే నువ్వు ముందు మీట నొక్కి, చెవి పెట్టి విను. ఏమన్నా చప్పుడొస్తోందా?”

ఆ ప్రశ్నే ముఖ్యం. అసలు చప్పుడే లేదంటే కరెంటు అందటం లేదన్నమాట: ఫ్యూజో, బ్యాటరీయో, మీటో, తడిసిన వైరో. మోటారు మూలుగుతోంది గాని కొక్కెం కదలటం లేదంటే అక్కడ మట్టీ తుప్పూ పట్టివుండాలి. సగం వచ్చి ఆగిందంటే దారిలో ఏదో అడ్డం. పూర్తిగా వచ్చి కూడా దీపం ఎర్రగానే వుందంటే గొళ్లెం పడలేదు, లేదా పడిందని చెప్పే సెన్సారు చెడింది. ఆ ఆఖరి జబ్బు యింట్లో నయమయ్యేది కాదు, మెకానిక్కు దగ్గరికి పోవలసిందే.

మా అమ్మాయిది మూలుగు రకం. నవంబరు నుంచి మార్చి దాకా కొక్కేన్ని ఒక్కసారీ బయటికి తియ్యలేదు. అక్కడ చలికాలంలో మంచు కరగటానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు చక్రాల వెంట చిమ్మి, కొక్కెం తిరిగే కీలులో దూరి, ఎండి, గట్టిపడతాయి. ఆవకాయ జాడీ మూత నెలల తరబడి తియ్యకపోతే అంచున ఉప్పు పేరుకుని ఎలా పట్టేస్తుందో, యిదీ అంతే. రెండు పూటలు నానబెట్టి, కడిగి, నూనె వేశాక మూడోనాటికి కదిలింది. సెట్టు మార్చే అవసరం రాలేదు.

కడగటానికి గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు, మెత్తని బ్రష్షు చాలు. తోటకు నీళ్లు పెట్టే మామూలు గొట్టంతో తడపండి. సర్వీసు స్టేషన్లో వుండే జెట్ నీళ్లను మాత్రం కీలుకు దగ్గరగా పట్టకండి. ఆ వొత్తిడికి లోపలి గ్రీజు బయటికొచ్చి, నీళ్లు లోపలికి పోతాయి. యివాళ కదిలినా వచ్చే నెల యింకా గట్టిగా పట్టేస్తుంది. ఆరాక, తుప్పు వదిలించే పల్చని నూనె స్ప్రే కీలు మీద కొద్దిగా కొట్టి, కాసేపాగి, మీట నొక్కి చూడండి. కొన్ని కంపెనీల కీళ్లు మూసేసి వుంటాయి, వాటికి నూనె వెయ్యకూడదు. ఆ ముక్కా పుస్తకంలోనే వుంటుంది. మోటారు రకంలో పదే పదే మీట నొక్కితే మోటారు వేడెక్కుతుంది. రెండు మూడుసార్లు చూసి, చల్లారనివ్వండి. సుత్తితో కొట్టకండి, కాలితో తన్నకండి. బయటికి కొంచెం వొంగినా చాలు, లోపలి గొళ్లెం యిక సరిగ్గా పడదు. గడ్డకట్టే చలి వున్నరోజున అసలు రోగం వొట్టి మంచే కావచ్చు. సలసల కాగే నీళ్లు పొయ్యకండి, అవి మళ్లీ గడ్డకట్టి యింకా కష్టపెడతాయి. వెచ్చని గ్యారేజీలో కొన్ని గంటలు నిలబెడితే చాలు.

ఉక్కు గుండు సంగతి వేరు. కారవాన్లలో చాలావాటికి వూగకుండా పట్టుకునే బిళ్లలు వుంటాయి. అవి పొడిగా, శుభ్రంగా వున్న గుండును రాసుకుంటేనే పట్టు దొరుకుతుంది. కీలుకు వేసిన నూనె గుండుకు అంటితే తుడిచెయ్యాలి. గుండు అరిగి 49 మిల్లీమీటర్లకు వచ్చిందంటే యిక దాంతో లాగకూడదు.

చప్పుడే రానప్పుడు ముందు తేలికైనవి చూడండి. ట్రెయిలరు ప్లగ్గు సాకెట్లో వుండిపోయిందేమో. అది వుంటే చాలా కార్లలో కొక్కెం కదలదు, కదలకూడదు కూడా. డిక్కీ తలుపు పూర్తిగా తెరిచారా? బ్యాటరీ సంగతేమిటి? రోజూ రెండు కిలోమీటర్లు బడికీ బజారుకీ తిరిగే కారు బ్యాటరీ చలికాలంలో ఎప్పుడూ అరకొరగానే వుంటుంది. యింజను ఆపి కొన్ని గంటలయ్యాక మీటరుతో చూస్తే మామూలు బ్యాటరీ నిండుగా వుంటే 12.6 వోల్టుల పైన చూపుతుంది; 12.2 అంటే సగానికి వచ్చినట్టే. దీపాలు వెలుగుతున్నాయి గదా అనుకోవద్దు, మోటారుకు దీపాల కంటే ఎక్కువ కరెంటు కావాలి. ఫ్యూజు పోతే అదే ఆంపియర్లది వెయ్యండి. మన యిళ్లల్లో ఫ్యూజు పోతే రాగితీగ మెలేసి పెట్టే మగవాళ్లను చూసే పెరిగాం. కారులో ఆ తెలివితేటలు పనికిరావు, వైరింగు కాలిపోతుంది. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోయిందంటే లోపల ఎక్కడో షార్టు వుంది. అక్కడితో మీరు ఆగి మెకానిక్కును పిలవండి.

యివన్నీ ఆడవాళ్లకేం తెలుస్తాయని పెదవి విరిచేవాళ్లు అక్కడా వున్నారు. కారును కనిపెట్టిన కార్ల్ బెంజ్ భార్య బెర్తా 1888 ఆగస్టులో, భర్తకు ముందుగా చెప్పకుండా, యిద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి ఆ కారులోనే పోయింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. పెట్రోలు గొట్టం పూడుకుంటే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. వైరు వొరుసుకుపోతే మేజోడు పట్టీ చుట్టింది. బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టేవాడిచేత తోలు కొట్టించింది.

కొక్కెం దిగేటప్పుడు పిల్లల్ని దూరంగా వుంచండి, మీ కాళ్లూ చేతులూ దాని దారిలో పెట్టకండి. బరువైన ఇనుము, ఒక్క వూపున దిగుతుంది. సగంలో వేలాడుతూ ఆగిపోతే ఆ కారు నడపవద్దు. రోడ్డు సాయం వాళ్లను పిలవండి. కొన్ని కార్లలో చేత్తో విడిపించే ఏర్పాటు వుంటుంది. అది ఎక్కడుందో తీరికగా వున్న రోజునే చూసి పెట్టుకోవాలి. బ్రేకులున్న ట్రెయిలరుకు ఓ సన్నని ఉక్కుతాడు వుంటుంది. బండి వూడిపోతే ఆ తాడు లాగి ట్రెయిలరు బ్రేకులు వేస్తుంది. దాన్ని గుండు మెడకు చుట్టి వూరుకుంటారు చాలామంది. హాలండులోనూ స్విట్జర్లండులోనూ అలా చెల్లదు, దానికోసం విడిగా వున్న కన్నానికే తగిలించాలి.

సైకిళ్ల స్టాండు విషయంలో లెక్క వేసుకోండి. చాలా కార్ల కొక్కేలు నిలువుగా 75 కిలోలే మోస్తాయి. బ్యాటరీ సైకిలు ఒక్కొక్కటి 25 కిలోలు తూగుతుంది. మూడింటికే 75 అయింది. స్టాండు బరువు మరో 18 అనుకుంటే 93. ఆ బ్యాటరీలు వూడదీసి కారులో పెట్టినా మూడోదానికి చోటు వుండదు.

నెలకోసారి, పనివున్నా లేకపోయినా, కొక్కేన్ని దింపి, గుడ్డతో తుడిచి, మళ్లీ ఎక్కించండి. చలికాలంలో యిది మరీ అవసరం.

వాడిన కారు కొనేవాళ్లయితే బేరం తెగకముందే డిక్కీ తెరిపించి, మీ ఎదుటే రెండుసార్లు దింపించి, ఎక్కించి, దీపం చూడండి. పక్కనే 13 పిన్నుల సాకెట్టు వుంటుంది. దాని మూత తీసి లోపల పచ్చని చిలుము పట్టిందేమో చూడండి. పట్టివుంటే ధర కొంత తగ్గించమని అడగవచ్చు.