జీతం లేని పెద్దరికం: చర్చి బడి బోర్డులో ఆరేళ్లు

(ఒహాయోలో జరిగిన మన ఫోరం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఫోరం వేదిక మీద మామూలుగా ఎన్నికల సంస్కరణల గురించి, స్థానిక సంస్థల అధికారాల గురించి మాట్లాడుకుంటాం. నేను ఈ రోజు ఒక బడి గురించి మాట్లాడబోతున్నాను. అదీ చర్చి నడిపే ప్రాథమిక పాఠశాల గురించి. అంశం చెప్పగానే ఒక మిత్రుడు "ఇందులో రాజకీయం ఏముందండీ?" అని అడిగారు. డబ్బు ఎక్కడిది, నిర్ణయం ఎవరిది, లెక్క ఎవరికి చెప్పాలి అనే మూడు ప్రశ్నలు ఎక్కడ ఉంటే అక్కడ రాజకీయం ఉన్నట్టే అన్నాను. వచ్చి కూర్చున్నారు, వారికి నా ధన్యవాదాలు.

నేను హిందువుని. మాది గుంటూరు జిల్లా. మా ఊళ్లో నేను ఐదో తరగతి దాకా చదివింది లూథరన్ మిషన్ బడిలో. ఇక్కడ మా పిల్లల్ని ఇంటి దగ్గరి కాథలిక్ పారిష్ స్కూల్లో వేశాం. కారణం భక్తి కాదు. ఆ బడి సాయంత్రం ఆరింటి దాకా పిల్లల్ని ఉంచుకుంటుంది, మేమిద్దరం ఉద్యోగస్తులం. 2018లో అక్కడి ఫాదర్ నన్ను పిలిచి స్కూల్ బోర్డులో ఉంటారా అని అడిగారు. దేవస్థానం ధర్మకర్తల మండలిలో పదవి వచ్చినంత సంబరపడ్డాను. తర్వాత తెలిసింది, నాకంటే ముందు అడిగిన ఇద్దరు తమ వల్ల కాదన్నారట. మన దగ్గర ధర్మకర్త పదవికి ఎమ్మెల్యే సిఫారసు కావాలి. ఇక్కడ ఖాళీ కుర్చీకి మనిషిని వెతుక్కోవాలి. ఆ తేడా ఎందుకో అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది.

ఇక్కడ చిన్న చరిత్ర చెప్పాలి. 1842లో పెన్సిల్వేనియా లూథరన్ల తరఫున జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ గుంటూరు వచ్చి బళ్లు పెట్టారు. ఒంగోలులో 1866 నుంచి పనిచేసిన క్లౌ దొర వెనక ఉన్నది అమెరికన్ బాప్టిస్టుల సంఘం, దాని కార్యాలయం బోస్టన్‌లో. మన తాతల బడికి ఎంత డబ్బు పంపాలో మనల్ని ఎప్పుడూ చూడని మనుషులు ఇక్కడి గదుల్లో కూర్చుని నిర్ణయించారు. అలాంటి బడిలో ఓనమాలు దిద్దుకున్నవాడు ఇవాళ ఇక్కడి చర్చి బడి బడ్జెట్ ముందేసుకుని కూర్చున్నాడు. తొలి సమావేశంలో నాకు ఈ సంగతే గుర్తొచ్చి కాస్త నవ్వొచ్చింది.

సరే, అసలు బోర్డు ఏం చేస్తుంది? ఇంగ్లండులో ఈ పనికి గవర్నర్ అనే పేరుంది. అక్కడి ప్రాథమిక పాఠశాలల్లో దాదాపు నాలుగో వంతు చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ బళ్లే. 1944 చట్టం నుంచి వస్తున్న 'వాలంటరీ ఎయిడెడ్' బడి అయితే గవర్నర్ల చేతిలో నిజమైన అధికారం ఉంటుంది. టీచర్లకు యజమాని వాళ్లే, అడ్మిషన్ల విధానం వాళ్లదే, భవనాల ఖర్చులో మామూలుగా పదో వంతు వాళ్లే తేవాలి. జీతం మాత్రం లేదు. అమెరికాలో పారిష్ స్కూలు సంగతి వేరు. చర్చి చట్టం ప్రకారం అధికారం బిషప్‌ది, ఆయన కింద పారిష్ ఫాదర్‌ది. మాలాంటి బోర్డు చాలా చోట్ల సలహా మండలి మాత్రమే. బడ్జెట్ చూస్తాం, ప్రిన్సిపాల్ ఎంపికలో ఇంటర్వ్యూలకు కూర్చుంటాం, ఐదేళ్ల ప్రణాళిక రాస్తాం. చివరి సంతకం మాది కాదు. కొన్ని డయోసీసులు ఈ పద్ధతి దాటి వెళ్లాయి. ఫిలడెల్ఫియా ఆర్చ్‌డయోసీస్ 2012లో తన హైస్కూళ్ల నిర్వహణను మామూలు సంసారులు, వ్యాపారస్తులు ఉన్న ఒక ఫౌండేషన్‌కి అప్పగించింది.

వాళ్లకి మనతో అవసరం ఎందుకు పడింది? 1960ల మధ్యలో అమెరికాలో కాథలిక్ బళ్లలో 50 లక్షల పైచిలుకు పిల్లలు చదివారు. ఇవాళ 17 లక్షల లోపు. దాదాపు 13 వేలున్న బళ్లు 6 వేల లోపుకి దిగాయి. అప్పట్లో పాఠాలు చెప్పింది ఎక్కువగా సిస్టర్లు, వాళ్లకి ఇచ్చింది భత్యం మాత్రమే. ఇప్పుడు సిబ్బందిలో సిస్టర్లు, బ్రదర్లు, ఫాదర్లు అంతా కలిపినా నూటికి ముగ్గురు లేరు. మిగతా అందరికీ జీతం, ఇన్సూరెన్స్ ఇవ్వాలి. అక్కడి నుంచే ఫీజులు, అప్పులు, మూతలు మొదలయ్యాయి. స్ప్రెడ్‌షీట్ చూడగలిగిన వాళ్ల కోసం ఫాదర్లు వెతకడం కూడా అక్కడి నుంచే.

స్ప్రెడ్‌షీటే నా తొలి తప్పు. మనం సాఫ్ట్‌వేర్ వాళ్లం కదా. తరగతి వారీగా ఖర్చు, టీచర్ వారీగా మార్కులు, రంగు రంగుల చార్టులతో రెండో నెలకే ఒక డాష్‌బోర్డు తయారు చేశాను. వారానికోసారి ప్రిన్సిపాల్‌కి ఈమెయిలు, మూడో తరగతి లెక్కల పుస్తకం ఎందుకు మార్చలేదని. ఆవిడ పాతికేళ్లు పాఠాలు చెప్పిన మనిషి. ఒక రోజు కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగారు: "మీ ఆఫీసులో మీ కంపెనీ డైరెక్టర్లు వచ్చి మీ కోడ్ సరిదిద్దుతారా?" లేదన్నాను. "మరి నా బడిలో మీరెందుకు?" అన్నారు. నాకు చురుక్కుమంది కానీ ఆవిడ మాట నిజం. బడి నడపడం ఆవిడ పని. బడి సరిగా నడుస్తోందా అని అడగడం, జవాబు వచ్చేదాకా అడగడం మా పని. మన సర్పంచులూ ఎమ్మెల్యేలూ స్కూలు తనిఖీకి వెళ్లి హెడ్మాస్టర్ని పిల్లల ముందు నిలదీస్తే మనం చప్పట్లు కొడతాం. ఆ అలవాటే నాలోనూ ఉంది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న సంగతి. 2019 డిసెంబరులో లెక్కలు చూస్తే, చర్చి ఇచ్చే సబ్సిడీ తీసేస్తే బడి రెండేళ్లుగా నష్టంలో ఉంది. ఆ సబ్సిడీని విరాళాల పద్దులో కలిపి చూపిస్తున్నారు. దొంగతనం కాదు, ఎవరూ తినలేదు. పాత అలవాటు, అంతే. కానీ మాతో సహా ఎవరికీ నిజం కనపడలేదు. రెండేళ్లు ఆ కాగితాలకి తల ఊపిన వాళ్లలో నేనూ ఉన్నాను.

వచ్చే ఏడాది బడి తెరుస్తామో లేదో తెలియని స్థితి. తల్లిదండ్రులకు ఇప్పుడే చెప్పాలా? చెబితే సగం మంది పిల్లల్ని తీసుకుపోతారు, మూత ఖాయం. చెప్పకపోతే టీచర్లు వేరే ఉద్యోగం వెతుక్కునే కాలం దాటిపోతుంది. చుట్టుపక్కల పబ్లిక్ స్కూళ్లలో నియామకాలు వసంతంలోనే మొదలవుతాయి, మేలో చెబితే వాళ్లు రోడ్డు మీద పడతారు. మూడు గంటలు వాదించుకున్నాం. నేను చెప్పొద్దన్న వైపు ఉన్నాను. కంపెనీల్లో అలాగే చేస్తాం కదా, ఆఖరి నిమిషం దాకా గుట్టుగా. బోర్డులో ఒక నర్సు ఉండేది. ఆమె ఒక్క మాట అంది: "పేషెంటుకి చెప్పకుండా ఇంటివాళ్లకి మాత్రం చెప్పే డాక్టరు లాగా ఉన్నాం మనం." ఓట్లు ఐదు, మూడు. చెప్పాలని తేలింది. మా సలహా ఫాదర్ ఒప్పుకోనక్కర్లేదు, అయినా ఒప్పుకున్నారు. జనవరిలో జిమ్‌లో సమావేశం పెట్టి మొత్తం లెక్కలు తెర మీద వేశాం. నా జీవితంలో అంత కష్టమైన ప్రెజెంటేషన్ ఇవ్వలేదు. ఒక తండ్రి లేచి "మీరు రెండేళ్లు ఏం చూశారు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

కొన్ని కుటుంబాలు వెళ్లిపోయాయి. ఇద్దరు టీచర్లు వేరే చోట చేరారు. ఫిబ్రవరిలో రెండు తరగతులు కలిపి నడుపుదామని నిర్ణయించాం. మార్చిలో కోవిడ్ వచ్చింది. ఆగస్టులో మేం తరగతి గదులు తెరిచాం, పబ్లిక్ స్కూళ్లు కొన్ని తెరవలేదు, కొత్త పిల్లలు వచ్చారు. తర్వాత 2023లో ఒహాయో తన ఎడ్‌ఛాయిస్ వోచర్లను దాదాపు అందరికీ వర్తింపజేసింది. ఎనిమిదో తరగతి లోపు పిల్లకి ఆ ఏడాది గరిష్ఠంగా 6,165 డాలర్లు. బడి గట్టెక్కింది. మా తెలివితో గట్టెక్కలేదని ఇక్కడ ఒప్పుకోవాలి.

అయితే దానితో కొత్త ప్రశ్న వచ్చింది. 2002లో క్లీవ్‌లాండ్ వోచర్ల కేసులో సుప్రీం కోర్టు ఈ పద్ధతిని సమర్థించింది. ఇటు 2025 జూన్‌లో ఫ్రాంక్లిన్ కౌంటీ న్యాయమూర్తి ఎడ్‌ఛాయిస్‌ని ఒహాయో రాజ్యాంగానికి విరుద్ధమన్నారు, అప్పీలు కోసం ఆ తీర్పు అమలు నిలిపారు. కోర్టుల సంగతి అటుంచండి. పన్ను డబ్బు వస్తున్నప్పుడు లెక్క ఎవరికి చెప్పాలి? మామూలు స్వచ్ఛంద సంస్థ ఏటా ఐఆర్ఎస్‌కి ఫారం 990 ఇవ్వాలి, దాన్ని ఎవరైనా చూడొచ్చు. చర్చికి, చర్చి అనుబంధ పాఠశాలకి ఆ బాధ్యత లేదు. అంటే ఆ బడి లోపల ప్రశ్న అడగగలిగింది జీతం లేని ఆ ఎనిమిది మందే. ఏటా ఒక పేజీ లెక్క తల్లిదండ్రులందరికీ పంపాలని నేను ప్రతిపాదించాను. ఒప్పించడానికి ఏడాదిన్నర పట్టింది. ఇప్పుడు పంపుతున్నారు. ఆరేళ్లలో నేను చేసిన పని ఏదైనా ఉంటే అదే.

మన వైపు చూస్తే చట్టాలకి కొదవ లేదు. 1998లోనే ఆంధ్రప్రదేశ్‌లో పాఠశాల విద్యలో సమాజ భాగస్వామ్య చట్టం వచ్చింది, విద్యా కమిటీలు వచ్చాయి. 2009 విద్యాహక్కు చట్టం యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండాలంది, సగం మంది మహిళలుండాలంది. 2012 సవరణతో మైనారిటీ బళ్లలో, ఎయిడెడ్ బళ్లలో ఆ కమిటీ పని సలహా ఇవ్వడం వరకే అయింది. 2014లో ప్రమతి కేసులో సుప్రీం కోర్టు మైనారిటీ బళ్లకి ఆ చట్టమే వర్తించదంది. చర్చి స్వేచ్ఛను నేను కాదనను, అది రాజ్యాంగం ఇచ్చిన హక్కు. కానీ అడిగేవాడు కూడా పోయాడు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ బళ్లని సిబ్బందితోనో, ఆస్తులతో సహానో అప్పగించమంది. నిరసనలు చెలరేగాక నవంబరులో అంగీకారం వెనక్కి తీసుకునే వీలు ఇచ్చింది. ఆ గొడవలో తల్లిదండ్రులు రోడ్డెక్కాల్సి వచ్చింది, ఎందుకంటే వాళ్లు కూర్చుని మాట్లాడే బల్ల ఏదీ లేదు.

నా పాత బడికి మేం పూర్వ విద్యార్థులం ప్రహరీ గోడ కట్టించాం. మా పేర్లు పాలరాయి మీద ఉన్నాయి. ఆ బడిలో టీచర్ పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయో ఒక్కరం అడగలేదు. డాలర్లు పంపడం మనకి సులువు, నెలకో సాయంత్రం కూర్చోవడం కష్టం. పోయినేడు ఊరెళ్లినప్పుడు అక్కడి కరస్పాండెంట్ గారిని ఏడాది లెక్కలు చూపించమని అడిగాను. "ఎందుకండీ, ఇంకో గది కట్టిస్తారా?" అన్నారు. కట్టిస్తామో లేదో లెక్కలు చూశాక చెబుతానన్నాను. ఇంకా పంపలేదు. నెలకోసారి ఫోను చేస్తున్నాను.

మా బోర్డులో వచ్చే జూన్‌కి రెండు కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. మతం అడగరు. నెలకో మంగళవారం సాయంత్రం రెండున్నర గంటలు, కాఫీ బాగుండదు. మా ఒక పేజీ లెక్క కాపీలు వెనక బల్ల మీద పెట్టాను, చూసి ప్రశ్నలు అడగండి.