ఇప్పచెట్టు కింద కెమెరా

(సంఘం వార్షికోత్సవ సభలో ఒక గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగం)

 

మన సంస్కృతి గురించి మాట్లాడమని సంఘం వాళ్లు పిలిచారు. పాటల గురించి, కొమ్ము నృత్యం గురించి నాకన్నా బాగా చెప్పేవాళ్లు ఇక్కడే కూర్చున్నారు. నేను చెట్టుకి కట్టే ఒక చిన్న కెమెరా గురించి చెబుతాను. అడవిదున్న కొమ్ములు తలకి కట్టుకుని ఆడతాం కదా, ఆ అడవిదున్నని మీలో ఎంతమంది ఫోన్లో కాకుండా చూశారు? చేతులెత్తమని అడగనులెండి.

దీన్ని ట్రైల్ కెమెరా అంటారు, కెమెరా ట్రాప్ అని కూడా అంటారు. ఎదురుగా ఒంట్లో వేడి ఉన్న ప్రాణి కదిలితే తనంతట తనే ఫొటో తీస్తుంది. రాత్రిపూట మన కంటికి పెద్దగా కనపడని వెలుగుతో తీస్తుంది కాబట్టి ఆ ఫొటోలు నలుపు తెలుపులో ఉంటాయి. 2018లో దేశమంతా పులులని లెక్కపెట్టినప్పుడు 26,838 చోట్ల ఇలాంటివి పెట్టారు. 3 కోట్ల 48 లక్షలకి పైగా ఫొటోలు పడ్డాయి. పులి చారలు మన వేలిముద్రల్లాంటివి, ఏ రెండు పులులకీ ఒకేలా ఉండవు. ఎడమ పక్క చారలు ఒకలా, కుడి పక్కవి ఇంకోలా ఉంటాయి. అందుకే పులి కోసమైతే దారికి అటొకటి ఇటొకటి పెడతారు. మన అవసరానికి ఒకటి చాలు.

మన అవసరం ఏంటంటారా? మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలుతుంది. రాత్రి రాలిన పువ్వు ఏరుకోడానికి మన అమ్మలు చీకటితోనే బుట్ట పట్టుకుని వెళతారు. ఎలుగుబంటికీ ఇప్పపువ్వంటే ప్రాణం, అది తిరిగేదీ ఆ వేళకే. వాసన బాగా పడుతుంది గానీ దానికి చూపు తక్కువ. తల దించుకుని తింటుంటే మనిషి దగ్గరకొచ్చేదాకా పట్టించుకోదు. బెదిరిందంటే మీద పడుతుంది. మా హాస్టల్లో చదివిన ఒక అమ్మాయి తల్లికి ముఖం మీద ఆ గాయం ఉంది. కూతుర్ని చూడ్డానికి వచ్చిన ప్రతిసారీ కొంగు అడ్డం పెట్టుకునే నాతో మాట్లాడేది.

ఫొటో అంచున తేదీ, టైము పడతాయి. పువ్వు రాలే రోజుల్లో ఓ పదిహేను రాత్రులు కెమెరా ఉంచితే ఆ చెట్టు దగ్గరికి ఎలుగు ఏ వేళకి వస్తోందో కొంత తెలుస్తుంది. తెల్లారాక వెళ్లడమా, నలుగురూ కలిసి గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లడమా, ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. ఫొటోలో పడలేదంటే రాలేదని కాదు. అది కెమెరా వెనక నుంచి కూడా పోతుంది.

చేను సంగతీ అంతే. కర్రపెండలం తవ్వేసి ఉంటే చూడకుండానే పంది అంటాం. తవ్వింది ఏదుపంది కావచ్చు. దానికీ దుంపలంటే ఇష్టమే. పంది అనుకుని రాత్రి కరెంటు తీగ లాగుతున్నారు. ఆ తీగకి పంది, ఆవు, పక్కింటి కుర్రాడు అందరూ ఒకటే. ముందు వచ్చిందెవరో చూద్దాం, తర్వాత కంచె ఎలా వెయ్యాలో ఆలోచిద్దాం.

ఇక ఎక్కడ కట్టాలి? ఇది యూట్యూబ్ చెప్పదు, మీ తాత చెబుతాడు. ఎండాకాలం ఏ మడుగులో నీరు నిలుస్తుందో, జంతువుల దారి ఎక్కడ ఇరుకవుతుందో, పంది ఏ చెట్టుకి ఒళ్లు రుద్దుకుని బురద పూసిందో ఆయనకి తెలుసు. ఒకరోజు ఆయన వెనక నడవండి. మిగతాది చిన్న పనే. మోకాలి ఎత్తున కట్టండి. దారికి కొంచెం ఏటవాలుగా తిప్పితే నడిచొచ్చే జంతువు నిండుగా పడుతుంది. తూర్పుకీ పడమరకీ తిప్పొద్దు, ఎండ మొహాన కొడుతుంది. ముందున్న గడ్డి కోసెయ్యండి, లేకపోతే గాలికి ఊగే గడ్డి ఫొటోలే వందలొస్తాయి. మే నెల మధ్యాహ్నం నేలా జంతువూ ఒకేలా వేడెక్కుతాయి, అప్పుడు కెమెరా సరిగా పనిచెయ్యదు. వానాకాలం చీమలు లోపల కాపురం పెడతాయి, చూసుకోండి. ఎర మాత్రం వద్దు, ఉప్పు కూడా వద్దు.

కెమెరా మీ చేలో, మీ పెరట్లో, పట్టా ఉన్న పోడులోనే పెట్టుకోండి. రిజర్వు అడవిలో అటవీ శాఖ అనుమతి లేకుండా పెట్టకూడదు. 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ వన్యప్రాణుల్ని కాపాడే అధికారం గ్రామసభకి ఇచ్చింది. అందుకని గ్రామసభలో చెప్పి, కాగితం మీద రాయించుకుని అడగండి. అలా అడిగితే మాటకి బరువుంటుంది.

ఇక్కడ నేను వార్డెన్‌లాగే మాట్లాడతాను. ఆడవాళ్లు నీళ్లకీ స్నానాలకీ వెళ్లే వైపు కెమెరా తిప్పకూడదు. పెట్టిన సంగతి ఊరందరికీ తెలియాలి. మనిషి ఫొటో పడితే ఎవరికీ చూపించకుండా తీసెయ్యాలి. ఇంకొకటి, అలుగు పడితే గ్రూపుల్లో పెట్టొద్దు. దాని పొలుసుల కోసం తిరిగేవాళ్లున్నారు. ఫొటోలో వెనకున్న బండరాయి చూసి చోటు పోల్చుకోగలరు. మీరు లైకుల కోసం పెట్టిన ఫొటో దాని ప్రాణం మీదికి తెస్తుంది.

మా పిల్లలకి ఫొటోలు చూపిస్తే అన్నిటినీ జింక అంటారు. అదే ఫొటో ఒక ముసలమ్మకి చూపించండి. ఇది కొండగొర్రె, ఇది కనుజు, ఇది దుప్పి అని విడదీసి చెబుతుంది. ఏది ఎలా అరుస్తుందో కూడా చెబుతుంది. అవన్నీ ఒక నోటుబుక్కులో రాయండి, మీ భాషలో ఏమంటారో అది ముందు రాయండి.

కెమెరా వేలల్లో ఖరీదు. ఊరికి ఒకటి సంఘం కొనగలదేమో పెద్దలు ఆలోచించాలి. అందాకా చేటెడు మెత్తటి ఇసుక చాలు. సాయంత్రం చేను గట్టు మీద పరిచి చదును చెయ్యండి, పొద్దున్నే చూడండి. అడుగు పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫోన్లో ఫొటో తియ్యండి, సైజు తెలుస్తుంది. ఈ సెలవుల్లో తీసినవి పట్టుకుని హాస్టల్‌కి రండి. ఆదివారం మధ్యాహ్నాలు నేను అక్కడే ఉంటాను.