డాలరు దౌత్యము



అప్పు సంగతి గ్రామములందలి పెద్దలకు నేను క్రొత్తగా జెప్పవలసినది లేదు. అప్పు చేయని గృహస్థు అరుదు. ఇచ్చిన సొమ్మునకు వడ్డీ కోరుట తప్పనువాడును లేడు. ఐనను అప్పులలో రెండు తెరగులు గలవు. ఒక సాహుకారు పత్రము వ్రాయించుకొని, గడువు దినమున వాకిటికి వచ్చి, తన బాకీ తాను తీసికొని పోవును. వేరొకడు పంట కళ్లమునకు రాకమునుపే తన గుమాస్తాను అచట గూర్చుండబెట్టి, కుంచము మా చేత నుండనిండు, మా భాగము పోగా మిగిలినది మీకు మేమే కొలిచి యిత్తుము అనును. మొదటివాడు ఋణదాత. రెండవవాడు పేరునకు ఋణదాతయే గాని, ఆ దినము మొదలుకొని ఆ యింటికి యజమాని. ఈ రెండవ తెరగు అప్పు మనుష్యులకే గాక రాజ్యములకును గలదు. అట్టిదానిని గూర్చియే నేటి ప్రసంగము.

1909 మొదలు 1913 వరకు అమెరికా సంయుక్త రాష్ట్రములకు విలియం హోవర్డు టాఫ్టు అధ్యక్షుడు. ఫిలాండరు నాక్సు విదేశాంగ మంత్రి. ఇరువురును న్యాయశాస్త్రము నభ్యసించినవారు. తమ దేశపు బ్యాంకర్ల చేత చిన్న రాజ్యములకు అప్పు లిప్పించి, ఆ మార్గమున వానిని తమ యదుపున నుంచుకొనుట వారి రాజనీతి. దానికి డాలరు దౌత్యమను పేరు వచ్చెను. తుపాకి గుండ్లకు బదులు డాలర్లను వాడుటయే ఈ విధానమని టాఫ్టు తమ శాసనసభకు పంపిన సందేశములో వర్ణించెను. వినుటకు సాధువైన మాట. అది 1912వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీ. ఈ తేదీని మీరు జ్ఞాపక ముంచుకొనవలెనని కోరుచున్నాను.

దీనికి బీజ మంతకుముందే పడినది. 1902లో వెనిజువేలా అప్పులు తీర్పలేదని ఇంగ్లండు, జర్మనీ, ఇటలీ దేశముల యుద్ధనౌకలు దాని రేవులను దిగ్బంధించెను. తమ వాకిటి సముద్రమున ఐరోపా నౌకలు సంచరించుట అమెరికాకు సహింపరాకపోయెను. ఆ ప్రాంతపు రాజ్యములను చక్కదిద్దవలసి వచ్చినచో ఆ పని తామే చేయుదుమని 1904లో నాటి యధ్యక్షుడు థియొడోరు రూజువెల్టు ప్రకటించెను. అప్పటికి డొమినికను రాజ్యమునకు సుమారు 3 కోట్ల 20 లక్షల డాలర్ల ఋణము గలదు. 1905 నుండి దాని సుంకపు ఠాణాలను అమెరికను లధీనము చేసికొనిరి. వచ్చిన సుంకములో నూటికి 45 వంతులు ఆ ప్రభుత్వమునకు, 55 వంతులు ఋణదాతలకు. ఆ దేశమునకు రేవుల సుంకమే ముఖ్యమైన రాబడి. అదియే వారి కళ్లము.

ఒక మాట న్యాయముగా జెప్పవలెను. ఈ యేర్పాటు వలన లెక్కలు చక్కబడెను. నడుమ మాయమగుచుండిన సొమ్ము బొక్కసమునకు జేరెను. కుంచము పట్టినవాడు దొంగ కాడు. ఐనను కుంచము పరాయివానిదే. 1916లో అమెరికా సేనలు ఆ దేశము నాక్రమించి 1924 వరకు ఏలినవి. ఠాణాలు తిరిగి వారి చేతికి వచ్చుటకు 1940లో క్రొత్త యొడంబడిక కావలసి వచ్చెను.

ఇక నికరాగ్వా. ఇది రెండు సముద్రముల నడుమ నున్న దేశము. 1893 నుండి సెలాయా అను నిరంకుశు డేలుచుండెను. 1909లో అతనిపై తిరుగుబాటు లేచెను. తిరుగుబాటువారి పక్షమున జేరిన ఇద్దరు అమెరికనులకు అతడు మరణశిక్ష విధించెను. నాక్సు వెంటనే అతని ప్రభుత్వముతో సంబంధము తెంచుకొనెను. సెలాయా పదవి విడిచి పోయెను. 1911లో అడాల్ఫో డియాజు అధ్యక్షుడయ్యెను. ఇతడు మునుపు ఒక అమెరికను గని కంపెనీలో లెక్కలు వ్రాసిన యుద్యోగి.

ఆ యేడే కోటి 50 లక్షల డాలర్ల అప్పునకు ఒడంబడిక సిద్ధమయ్యెను. అమెరికా సెనేటు దానిని సమ్మతింపలేదు. ఆ దేశమందే ఈ నీతిని రోసినవారు పలువు రుండిరని మనము గుర్తింపవలెను. అంతట న్యూయార్కునందలి బ్రౌన్ బ్రదర్సు, సెలిగ్మను అను బ్యాంకర్లు 15 లక్షల డాలర్లు మాత్రమే ఇచ్చిరి. అప్పు చిన్నదయ్యెను గాని షరతులు చిన్నవి కావు. సుంకము వసూలు చేయుటకు అమెరికను అధికారి వచ్చెను. దేశపు జాతీయ బ్యాంకు అమెరికాలోని కనెక్టికటు రాష్ట్రమున నమోదయ్యెను. 1913 నాటికి ఆ బ్యాంకునందును, రైలుమార్గమునందును సగమునకు మించిన వాటాలు బ్యాంకర్ల వయ్యెను. ఠాణా, బొక్కసము, బండి త్రోవ మూడును పరుల చేత బడిన పిమ్మట ఆ రాజ్యమునకు మిగిలిన దేమి?

1912లో డియాజుపై ప్రజలలో ఒక పక్షము తిరుగబడెను. అతడు సహాయము వేడగా రెండువేలకు పైబడిన అమెరికా సైనికులు దిగిరి. బెంజమిన్ సెలెడోన్ అను యువ న్యాయవాది మసాయా పట్టణము చెంత కొయొతెపె కొండపై నిలిచి వారి నెదిరించెను. కొండ పట్టుబడెను, సెలెడోన్ మరణించెను. అది 1912 అక్టోబరు 4వ తేదీ. గుండ్లకు బదులు డాలర్లని టాఫ్టు వ్రాసినది సుమారు రెండు నెలల పిమ్మట! డాలర్లు గుండ్లకు బదులుగా రాలేదు. ముందు డాలర్లు వచ్చెను, వాని వెనుక గుండ్లు వచ్చెను.

1913లో అధ్యక్షుడైన విల్సను ఈ నీతిని నిరసించి, చైనాకు అప్పిచ్చు బ్యాంకర్ల కూటమికి ప్రభుత్వపు అండ తొలగించెను. కాని నికరాగ్వాలో పాత త్రోవయే సాగెను. 30 లక్షల డాలర్లకు కాలువ త్రవ్వు హక్కు కొనిరి. ఆ సొమ్ములో అధికభాగము మరల ఋణదాతలకే చేరెను. సైనికులు 1925లో వెడలి, మరుసటి యేడే తిరిగి వచ్చి, 1933 జనవరి వరకు నిలిచిరి. 1912లో అచట దళమును నడిపిన స్మెడ్లీ బట్లరు అను సేనాని, ఉద్యోగ విరామానంతరము, తాను బ్యాంకర్లకు ఊడిగము చేసితినని బహిరంగముగా నొప్పుకొనెను.

నేను బడిపంతులుగా నున్న కాలమున పత్రములు చదివించుకొనుటకు పలువురు నా యొద్దకు వచ్చుచుండిరి. వడ్డీ యెంతయని అందరును రెండుమారు లడిగెడివారు. కడపట వ్రాసిన షరతును మరల చదువుమన్నవారు బహుస్వల్పము. రాజ్యములేలువారును ఇందుకు భిన్నులు కారని నికరాగ్వా చరిత్ర చెప్పుచున్నది. అప్పు చేయుట పాపము కాదు, తీర్చుట ధర్మము. కాని సంతకము పెట్టుటకు ముందు, వడ్డీ యెంతయని మాత్రమే గాక, కుంచ మెవరి చేత నుండునని కూడ అడుగవలెను.