మన పెరట్లో ముళ్ళులేని బ్లాక్‌బెర్రీ

(ఫ్రిస్కో సంక్రాంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పెరటి పండ్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నప్పుడు కొంచెం వెనకాడాను. నేను వ్యవసాయ శాస్త్రజ్ఞుణ్ణి కాను. టెలిఫోన్ ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. కాకపోతే సత్తెనపల్లి దగ్గర పల్లెలో, పత్తి చేల మధ్య పుట్టాను గనుక మట్టి సంగతి నాకు తెలుసుననుకున్నాను. ఎంత తెలుసో చెబుతాను, వినండి.

ముందు పేరు సంగతి. మనలో చాలామందిమి పిల్లలకు నేరేడుపండు చూపించి బ్లాక్‌బెర్రీ అంటాం. రెండూ ఒకటి కాదు. నేరేడు పెద్ద చెట్టు. బ్లాక్‌బెర్రీ పొద, గులాబీ కుటుంబానికి చెందింది. ఒక్కొక్క పండూ నిజానికి చిన్న చిన్న పళ్ళ గుత్తి. ప్రతి పూసలోనూ ఒక గింజ ఉంటుంది. ఇక్కడి వాగుల పక్కన అడవిలో పెరిగే డ్యూబెర్రీ దీని చుట్టమే. ఆ ముళ్ళ రుచి చూసినవారు ఈ సభలో ఉండే ఉంటారు.

ముళ్ళులేని రకాలు రావడానికి పెద్ద శ్రమే జరిగింది. ఇంగ్లండులో రూపొందించిన మెర్టన్ థార్న్‌లెస్ అనే మొక్క నుంచి వచ్చిన గుణమది. ఆర్కన్సా విశ్వవిద్యాలయంలో జేమ్స్ మూర్‌గారు 1964లో మొదలుపెట్టిన పరిశోధనలో, ముళ్ళు లేకుండా నిటారుగా నిలబడే నవహో 1980ల చివర బయటికొచ్చింది. తరువాత అపాచీ 1999లో, వాషిటా 2003లో, నాచెజ్ 2007లో వచ్చాయి. అన్నీ ఇక్కడి ఆదివాసి జాతుల పేర్లు. 2013లో వచ్చిన ప్రైమ్-ఆర్క్ ఫ్రీడమ్ మొదటి సంవత్సరం కొమ్మకే కాయగలదు గాని, మన ఎండల్లో ఆ పూత సరిగా నిలవదు. మన ఊరికి నవహో, వాషిటా చాలునని నా అభిప్రాయం. వాటికి కావలసినంత చలి మనకు పడుతుంది.

ఇక మట్టి. ఫ్రిస్కో ఉన్నది బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ మీద. తడిస్తే ఉబ్బి జిగురవుతుంది, ఎండితే చెయ్యి దూరేటంత నెర్రెలిస్తుంది. వేసవిలో ఇంటి పునాదికి నీళ్ళు పెట్టుకునే ఊరు మనది! ఇది అచ్చంగా మన పల్నాటి నల్లరేగడే. మట్టి శాస్త్రజ్ఞులు రెంటినీ ఒకే తరగతిలో చేర్చారు. అక్కడిలాగే ఇక్కడా ఒకప్పుడు పత్తే పండించారు. అందుకే 2016 ఫిబ్రవరిలో నాలుగు మొక్కలు తెచ్చి, ధైర్యంగా నేలలోనే గుంట తీసి పాతాను. మే నెలకల్లా లేత ఆకులు పసుపుపచ్చగా మారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము లేక కాదు. సున్నం ఎక్కువగా ఉన్న నేలలో అది వేళ్ళకు అందదు. మన రైతులు అన్నభేదిలో నిమ్మఉప్పు కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తారు. నేను అన్నభేది తెచ్చి మొదట్లో పోశాను. అదీ ఆ సున్నంలోనే చిక్కుపడింది.

మరుసటి జనవరిలో అడుగు ఎత్తున చెక్కల మడి కట్టి, పెంటపోగు ఎరువు, పైన్ బెరడు పొడి కలిపిన మట్టి నింపి మొక్కల్ని అందులోకి మార్చాను. పైన మూడంగుళాలు బెరడు కప్పాను. మన కుళాయి నీళ్ళు కూడా కాస్త క్షారమే గనుక, వసంతంలో ఒకసారి ఇ.డి.డి.హెచ్.ఎ. అనే రకం కీలేటెడ్ ఇనుము వేస్తాను. డబ్బా మీద ఆ అక్షరాలే ఉన్నాయో లేదో చూసి కొనండి. తక్కినవి మన మట్టిలో నిలవవు. మొక్కకూ మొక్కకూ మూడడుగుల ఎడం, వారానికి అంగుళం నీరు, కాయ ఊరేటప్పుడు మరికొంచెం.

రెండో తప్పు ఇంతకన్నా పెద్దది. ఈ పొదకు వేరు ఏళ్ళ తరబడి ఉంటుంది గాని, కొమ్మ ఆయుష్షు రెండేళ్ళే. మొదటి ఏడు పెరుగుతుంది, రెండో ఏడు కాసి చచ్చిపోతుంది. 2018 జనవరిలో, వీధిలో అందరూ క్రేప్ మర్టిల్ చెట్ల తలలు నరుకుతుంటే చూసి, నేనూ కత్తెర పట్టుకుని కొమ్మలన్నీ మొదలంటా కొట్టేశాను. ఆ మార్చిలో మా అమ్మ ఆరు నెలలు ఉందామని వచ్చింది. ఫోనులో ఈ పళ్ళ గురించి ఎంత గొప్పగా చెప్పానో! జూన్ వచ్చింది. “ఏరా, పళ్ళన్నావు, ఏవిరా?” అంది. జవాబు చెప్పలేకపోయాను.

అమ్మ ఊరికే కూర్చునే మనిషి కాదు. కొత్త కొమ్మలు నడుమెత్తు దాటగానే, పత్తి తలలు తుంచినట్టు కొసలు తుంచేసింది. నేను కంగారుపడి పుస్తకం తిరగేస్తే, మూడు నాలుగు అడుగుల దగ్గర తుంచమనే ఉంది. అప్పుడే పక్కకొమ్మలు వేసి ఎక్కువ కాస్తుంది. పాత చీర చింపి ఆ కొమ్మల్ని కంచె తీగకు కట్టింది. సెప్టెంబరులో వెళ్ళిపోయింది.

2019 జూన్‌లో కాసినవి ఆ కొమ్మలే. రోజూ గిన్నెడు పళ్ళు. వీడియోలో చూపిస్తే, “నిగనిగలాడేవి కొయ్యకురా, పులుపుంటాయి” అంది. ఎలా తెలిసిందో! నిజమే, నలుపెక్కి మెరుపు తగ్గాకే కొయ్యాలి. కోశాక ఇది పండదు. మా మనవరాలికి అప్పుడు నాలుగేళ్ళు. చేతికి ఒక్క గీత పడకుండా పొదలో దూరి తింది. అమ్మ మళ్ళీ రాలేదు. 2020లో పోయింది.

తక్కినవి త్వరగా చెబుతాను. కాపు అయిపోగానే కాసిన కొమ్మల్ని మొదలంటా తీసెయ్యండి, కొత్తవాటిని ఉంచండి. పూరేకులు మెలితిరిగి చీపురుకట్టలా చిగుళ్ళు వస్తే అది రోజెట్ తెగులు. ఆ కొమ్మ కోసి చెత్తలో పారెయ్యండి. నవహో దాన్ని బాగానే తట్టుకుంటుంది. పిట్టలకు వల కట్టక తప్పదు. 2021 ఫిబ్రవరిలో సున్నా ఫారెన్‌హీట్ కిందికి పోయినప్పుడు మా కొమ్మలు కొన్ని ఎండాయి గాని, వేరు చిగిర్చింది.

కొత్త రకాలకు పేటెంటు ఉంటుంది. గడువు తీరేదాకా వాటి పిలకలు పెంచి పంచకూడదు. నవహో గడువు ఎప్పుడో తీరింది. ఆ మడిలోంచి తీసిన నవహో పిలకలు, ఇరవై రెండు, తడిగుడ్డలో చుట్టి వెనకనున్న బల్ల మీద పెట్టాను. నాటడానికి ఇదే అదను. ఇంటికొకటి చొప్పున తీసుకోండి. వేళ్ళు ఆరిపోకముందే, రేపు ఆదివారమే పాతండి.