విమర్శకుడు సాక్షియే గాని న్యాయాధిపతి కాడు
(ఒక పట్టణ పఠనమందిరమున నొసగిన యుపన్యాసము)



విమర్శకుడు నాటకకర్తకు శత్రువని కొందరును, ప్రేక్షకునకు గురువని కొందరును తలంచుచున్నారు. నా యభిప్రాయమున నాతడు సాక్షి. న్యాయవాదిని గనుక నాకీ మాటయే తోచినది. సాక్షి చెప్పినది వినవలెను, ప్రశ్నించి పరీక్షింపవలెను, తీర్పు మాత్ర మాతనిది కాదు.

1860వ సంవత్సరపు శిక్షాస్మృతి 499వ పరిచ్ఛేదమునందలి యారవ మినహాయింపు ఈ విషయమును చక్కగా నిర్ణయించినది. తన కృతిని ప్రజల తీర్పునకు సమర్పించినవాని గుణదోషములను, ఆ కృతియందు కనబడినంత మేరకు, సద్బుద్ధితో చర్చించుట పరువునష్టము కాదు. గ్రంథము ప్రకటించినవాడును, రంగస్థలమెక్కిన నటుడును, గాయకుడును ఈ తీర్పునకు సిద్ధపడినవారే. కాని కృతిని విడిచి కర్త నడతపై బురద చల్లువానికి ఈ రక్షణ లేదు. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ పరిచ్ఛేదమును ఈ నియమమునే నిలిపినది. ఆ సంవత్సరము డిసెంబరులో, చలనచిత్రము విడుదలయైన మొదటి మూడు దినములు సమీక్షలను నిషేధింపుడని తమిళ నిర్మాతల సంఘము కోరగా, మదరాసు ఉన్నత న్యాయస్థానము తాత్కాలిక నిషేధము విధింప నిరాకరించెను. మాట్లాడు హక్కు స్థిరమే. ఆ హక్కును వినియోగించు తీరే ప్రశ్న.

కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో కవిత్వతత్త్వ విచారమును ప్రకటించి పింగళి సూరన కళాపూర్ణోదయమును నిశితముగా పరిశీలించిరి. వారితో నేకీభవింపనివారు పెక్కురు. అయినను వారు కారణములు చూపిరి; వాదించుటకైనను పాఠకుడు మూలమును తెరవవలసి వచ్చెను. పాఠకుని మూలమునొద్దకు పంపునదియే విమర్శ. మూలమునుండి తరిమివేయునది విమర్శ కాదు. నేటి వృత్తి విమర్శకునకు జీతమిచ్చునది పత్రిక. పత్రికకు ప్రకటనల సొమ్మిచ్చువారిలో నిర్మాతలును గలరు. కావున వాని పొగడ్తను సైతము మనము ప్రశ్నింపవలసినదే.

ఇక నా నేరమును చెప్పుకొనెదను. మూడేండ్ల క్రిందట మన యూరి యువకులు నెలల తరబడి సాధన చేసి యొక క్రొత్త నాటకమాడిరి. మరునాడొక పత్రిక నాలుగు పంక్తులలో దానిని చూడదగదని కొట్టివేసెను. ఆ పంక్తులను ఈ మందిరముననే చదివి నవ్వినవారిలో నేనొకడను. రెండవ ప్రదర్శనమునకు కుర్చీలు సగము ఖాళీ; నేనును పోలేదు. ఆ సమీక్షకుడు మొదటి యంకము ముగియకమునుపే లేచిపోయెనని పిమ్మట తెలిసినది. "నీవు స్వయముగా చూచితివా?" యని న్యాయస్థానమున ప్రతిదినము సాక్షుల నడుగు నేను, ఆనాడా ప్రశ్న నడుగనైతిని. తప్పులో సగ మాతనిది. మిగిలిన సగము నాది. ఆ నాటకకర్త మరల కలము పట్టలేదు.

సోదరులారా! మన యోటు నొరులచేత వేయింపము. మన రుచిని మాత్ర మొరులకేల యప్పగింపవలెను? సమీక్షను చదువుడు. కారణము చూపెనా, తుదివరకు చూచెనా యని యడుగుడు. ఆపై మీరే చూచి నిర్ణయింపుడు. ఆ యువకులను ఈ మందిరమునకే పిలిచి నాటకమును మరల నాడింపవలెనని నా ప్రార్థన. నచ్చకున్న నిర్మొగమాటముగా చెప్పుదము. కాని తెర దిగిన తరువాత చెప్పుదము. మొదటి టిక్కెట్టు నాకియ్యుడు.